అయ్యగారి తీగ

చర్చి పాస్టరు పరంజ్యోతి అయ్యగారి దగ్గరికి ప్రశ్నతో వెళ్ళినవాళ్ళు జవాబుతో తిరిగొచ్చారని మద్దిరేవులో ఎవరూ చెప్పలేరు. మజ్జిగిస్తారు, పొలం సంగతీ పిల్లల సంగతీ అడుగుతారు, చిన్న ప్రార్థన చేసి పంపిస్తారు. అడిగిన ప్రశ్న మాత్రం అడిగినట్టే ఉంటుంది. "పెద్దాయనకి చెవుడేమో" అనుకున్నవాళ్ళున్నారు. "తెలిస్తేగా చెప్పడానికి" అని వెనకాల నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎప్పుడో తర్వాత, నారు పీకుతుంటేనో పిల్లకి జడ వేస్తుంటేనో, ఉన్నట్టుండి చేతులు ఆగిపోయి "ఓరి నాయనో, ఆ రోజు ఆయనన్నది ఇదా!" అని నోరు తెరిచినవాళ్ళు కూడా లేకపోలేదు. లూదియమ్మది ఈ ఆఖరి రకం. కాకపోతే ఆవిడకి జవాబు అందేలోపల సంఘం రెండు ముక్కలయ్యేంత పనయింది.

ఆ మందిరంలో పాటంటే లూదియమ్మ, లూదియమ్మంటే పాట. కాపరానికొచ్చిన ఏడాదే పాట ఎత్తడం మొదలుపెట్టింది. ఆవిడ గొంతు సవరించుకుంటే చాలు, చాపల మీద సర్దుకుంటున్నవాళ్ళు కదలడం మానేసేవాళ్ళు. పొద్దున్నే లేచి ప్రార్థన, శుక్రవారం ఉపవాసం, ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడి పేర పిడికెడు తీసి డబ్బాలో వెయ్యడం, ఇవేవీ తప్పేవి కావు. అట్లాంటి మనిషితో, ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలపు దినాలు రాబోతున్న ఆదివారంనాడు, ఆరాధన అయిపోయి అందరూ గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటుండగా, అయ్యగారు అన్నారు కదా: "లూదియమ్మా, వచ్చే వారం నించి పాట కెజియా ఎత్తుతుందిలే. నువ్వు వెనక చాప మీద కూర్చో. కాలవ అవతలి పేట నించి కొత్తగా ఆడవాళ్ళొస్తున్నారు చూడు, వాళ్ళ దగ్గర."

అంతే. ఎందుకో చెప్పలేదు. నిజం చెప్పుకోవాలంటే ఆ చెప్పిన తీరు ఏం బాగాలేదు. దేవుడి మనిషే కావచ్చు, అంతమాట ఇంటికి పిలిచి చెప్పాలి గానీ నలుగురి ముందా అనడం? పైగా కెజియా ఎవరు? లూదియమ్మ తోడికోడలికి కోడలు. నిన్నగాక మొన్న ఈ ఊరొచ్చిన పిల్ల. ఆ పిల్లకి శ్రుతి పట్టుకుని నిలబడ్డం నేర్పిందే లూదియమ్మ. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. చెప్పులు కాళ్ళకుండగానే ఇంకా వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికెళ్ళిపోయింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా! సాయంత్రానికల్లా పక్క ఊళ్ళో కొత్తగా వెలిసిన మందిరంవాళ్ళకి సంగతి తెలిసిపోయింది. అక్కడ మైకుంది, కీబోర్డుంది, పాడే గొంతే లేదు. "మీలాంటివారిని వెనక కూర్చోబెట్టడమేమిటమ్మా? మా దగ్గరికి రండి. పెంతెకొస్తు పండగనాడు పాట మీరే ఎత్తాలి" అని కబురు పంపారు. లూదియమ్మ వస్తానని మాటిచ్చేసింది. స్త్రీల సమాజంలో తనవాళ్ళనుకున్న నలుగురైదుగురికి చెవిలో వేసింది. "నువ్వెటైతే మేమూ అటే వదినా" అన్నారు వాళ్ళు. ఆ సంఘంలో ఉన్నదే గుప్పెడు గడప. అందులో సగం తరలిపోతే మిగిలేది అయ్యగారూ, అమ్మగారూ, గంటా.

పోవడానికి మనసు సిద్ధపడింది గానీ, ఒక్కమాట అడక్కుండా పోతే కడుపులో రాయి కరగదనిపించింది. మర్నాడు పొద్దున్నే అయ్యగారింటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరుతున్నారు.

"అయ్యగారూ, ఇన్నేళ్ళూ ప్రార్థన చేశాను, ఉపవాసాలున్నాను. ఎవరికీ ఏ లోటూ రానివ్వలేదు. నా ఆత్మీయ జీవితంలో ఎదుగుదల ఉందా, లేదా? ఉంటే నన్ను వెనక్కెందుకు నెట్టారు? లేకపోతే ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎందుకు చెప్పలేదు?"

ఏడవకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకుని బయల్దేరింది కాబట్టి ఏడవలేదు.

అయ్యగారు చేట పక్కన పెట్టారు. "మీ ఆకుతోటలో ఇవాళ తీగ దించుతున్నారటగా. నేనెప్పుడూ చూళ్ళేదు. రానా?" అన్నారు.

నేనేమడిగాను, ఈయనేమంటున్నాడు! లూదియమ్మకి ఒళ్ళు మండిపోయింది. కానీ ఇంటికొస్తానన్న అయ్యగార్ని వద్దనడం ఆవిడ పెరిగిన పద్ధతిలో లేదు. "రండి, దానికేం" అని పైట బిగించుకుని ముందు నడిచింది.

తమలపాకు తోట చూడనివాళ్ళకి ఇక్కడ ఒకమాట చెప్పాలి. అవిశ మొక్కల్ని దగ్గర దగ్గరగా వరసల్లో పెంచి, వాటి మీదికి తీగని పాకిస్తారు. తీగ ఎదిగేకొద్దీ కాలవలో పెరిగే జమ్ముతో అవిశకి కట్టుకుంటూ పోతారు. అది పాకి పాకి చేతికందనంత ఎత్తుకి పోయాక, ఎండలు ముదరకముందే దించేస్తారు. కట్లన్నీ విప్పి, కింది ఆకులు కోసేసి, బోడికాడని మొదట్లోనే చుట్టలా చుట్టి మట్టి కప్పుతారు. కొస మాత్రం బయట ఉంచి మళ్ళీ అవిశకి కడతారు. నిన్నటిదాకా తలెత్తి చూడాల్సి వచ్చిన తీగ ఇవాళ మోకాలెత్తున ఉంటుంది. కొత్తగా చూసేవాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది.

అయ్యగారు పుట్టింది మెట్ట ప్రాంతంలో. జొన్నా కందీ తప్ప ఇంకో పైరు ఎరగని ఊరు. తోట బయట చెప్పులు విడిచి, వంగి వరసల మధ్యకి వచ్చారు. ఆకుతోటలోకి చెప్పుల కాళ్ళతో ఎవరూ రారు, ఏ మతంవాళ్ళైనా సరే. లూదియమ్మ భర్త జకరయ్య పలుగుతో మట్టి తీస్తున్నాడు. లూదియమ్మ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, అన్నిటికంటే ఎత్తు పాకిన తీగ దగ్గరికి వెళ్ళి కట్టు విప్పబోయింది.

"ఆగమ్మా, ఆగు!" అయ్యగారు గబగబా వచ్చి చెయ్యి అడ్డం పెట్టారు. "ఎంత బాగా పాకిందో చూడు, పాపం! ఏం తప్పు చేసిందని దాన్ని కిందికి లాగుతున్నావు?"

లూదియమ్మకి నవ్వొచ్చింది. ఆదివారం తర్వాత నవ్వడం అదే. "తప్పు చేస్తే దించుతారాండీ? బాగా ఎదిగింది గనకే దించుతున్నాం. ఎదగని తీగ జోలికి ఎవరు పోతారు?"

"కావచ్చు. ఈ ఒక్కదాన్నీ వదిలెయ్యి. నా మాటగా వదిలెయ్యి."

"అట్టా వదిలేస్తే పాడైపోద్ది అయ్యగారూ. మీకు తెలవదు" అన్నాడు జకరయ్య, పలుగు మీద గెడ్డం ఆనించి.

"పాడైతే ఆ పాపం నాది" అన్నారాయన. పసిపిల్లాడు మొండికేసినట్టు ఆ తీగ పక్కనే నిలబడ్డారు.

మొగుడూ పెళ్ళాలు మొహమొహాలు చూసుకున్నారు. "పోన్లేవయ్యా, పెద్దాయన ముచ్చటపడుతున్నాడు. ఒక్క తీగతో మన కొంపేం మునగదు" అంది లూదియమ్మ. చుట్టూ ఉన్న తీగలన్నీ ఆ రోజు దిగాయి, అదొక్కటి మిగిలింది. అయ్యగారు సంతోషంగా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ప్రశ్న సంగతి ఎత్తనే లేదు. కూలికొచ్చినవాళ్ళు దానికి 'అయ్యగారి తీగ' అని పేరు పెట్టి, మధ్యాన్నం అన్నాల దగ్గర కడుపుబ్బ నవ్వుకున్నారు.

పెంతెకొస్తు అంటే ఈస్టరు దాటిన ఏడు వారాలకి. అందాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. శ్రమకాలంలో మందిరం మానెయ్యడానికి లూదియమ్మకి భయం. అందుకని వెనక చాప మీదే కూర్చుంది, మూతి ముడుచుకుని. ముందు కెజియా పాట ఎత్తింది. కంగారులో శ్రుతి మరీ పైన పట్టి, చరణానికొచ్చేసరికి ఊపిరందక ఉక్కిరిబిక్కిరయింది. పిల్ల ముఖం ఎర్రగా కందిపోయింది. లూదియమ్మకి అయ్యో అనిపించాలి. అనిపించలేదు. హాయిగా అనిపించింది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక ఆ హాయి గుర్తొచ్చి, తన మీద తనకే భయం వేసింది.

వెనక చాప మీద నాంచారమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. పేట నించి వచ్చేవాళ్ళలో ఆవిడే అందరికంటే కొత్త. చదువు రాదు, పాటలు రావు. లూదియమ్మ పెదాల వంకే చూస్తూ, ఒక మాట వెనకబడి పాడుకుంటూ వచ్చేది. ఒక ఆదివారం పాట మధ్యలో మోచేత్తో పొడిచి, "అమ్మాయ్, ఈ పాటలో ఎవరు ఎవరితో మాట్టాడుతున్నారే?" అని అడిగింది.

"పాడు పిన్నీ, పాడేటప్పుడు మాట్లాడకూడదు" అని కసిరింది లూదియమ్మ.

కసరడమైతే కసిరింది గానీ, ఆ మాట ఆవిణ్ణి వదల్లేదు. ఎవరితో ఏమిటి, దేవుడితోనే కదా. ఆ మాట ఎవరైనా చెబుతారు. మరి తను పాడినన్నాళ్ళూ ఆయనతోనే మాట్లాడిందా? ముందు వరసలో ఎవరు తల ఊపుతున్నారో చూసుకుంది, పై స్థాయి అందిందా లేదా అని చూసుకుంది, తలుపు దగ్గర కొత్తవాళ్ళెవరైనా ఆగి వింటున్నారా అని చూసుకుంది. ఆయన వింటున్నాడన్న సంగతి ఎప్పుడు మర్చిపోయిందో, అదీ గుర్తులేదు. బియ్యం కడుగుతున్నదల్లా ఆ గిన్నె అలాగే పట్టుకుని పెరట్లో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. జకరయ్య పొలం నించి వచ్చి "ఏందే, ఎవరన్నా పోయారా?" అని హడలిపోయాడు.

తర్వాతి ఆదివారం ఆవిడ మందిరానికి పెందలాడే వెళ్ళింది. నాంచారమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు పాడబోయే పాట ఒక్కో మాటే విప్పి చెప్పింది. ఆ పక్క ఆవిడ "మాకూ చెప్పమ్మా" అని జరిగి వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. అలా ఆరాధనకి ముందు వెనక చాప మీద చిన్న బడి లాంటిది మొదలైంది. ఇదంతా పెంతెకొస్తు దాకానే, ఆ తర్వాత నా దారి నాదేనని లూదియమ్మ తనకి తాను చెప్పుకుంటూనే ఉంది. నాంచారమ్మ మాత్రం ఒకరోజు ఆవిడ గెడ్డం పట్టుకుని, "పండగనాడు నాకు కాలవలో ముంచి బాప్తిస్మం ఇస్తామన్నారే అమ్మాయ్. కాలవంటే నాకు చచ్చేంత భయం. నువ్వు చెయ్యి పట్టుకుంటే దిగుతా" అంది. "అట్టాగే పిన్నీ" అనేసింది లూదియమ్మ. పక్క ఊరివాళ్ళకి మాటిచ్చిందీ ఆ రోజుకే. తెలియక కాదు, తెలియనట్టు నెట్టుకొచ్చింది.

ఈలోగా తోటలో ఎండలు ముదిరాయి. దించిన తీగలు కొన్నాళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాయి. తర్వాత మెల్లగా చిగురు తొడిగి, అరచెయ్యంత ఆకులతో ఎగబాకడం మొదలుపెట్టాయి. అయ్యగారి తీగ మొదట్లో అన్నిటి మీదా పెత్తనం చేస్తున్నట్టు తలెగరేసుకుని ఉండేది. రానురాను దాని ఆకు చిన్నదైపోయింది. పసుపు తిరిగింది. కొస అవిశని దాటిపోయి, పట్టుకోవడానికి ఏమీ లేక గాల్లో ఊగుతుండేది. కోతకొచ్చినవాళ్ళు దాన్ని ముట్టుకోకుండానే పక్కకి పోయేవాళ్ళు. పండగ ఇంకో వారముందనగా సాయంత్రం పూట ఈదురుగాలి లేచింది. పొద్దున వెళ్ళి చూస్తే ఆ ఒక్క తీగ నడిమికి విరిగి, తలకిందులుగా వేలాడుతోంది.

పండగ ముందు శనివారం లూదియమ్మ ఆ ఎండిన తీగని పట్టుకుని అయ్యగారింటికి బయల్దేరింది. తీగ సంగతి ఒకటి చెప్పి, రేపు పక్క ఊరు పోతున్నానన్న మాట కూడా ముఖానే చెప్పేసి రావాలని. దారి పొడుగునా ఆ రెండో మాటే నోట్లో తిప్పుకుంటూ నడిచింది.

"ఇదుగోండి, మీ తీగ!" అని అరుగు మీద పడేసింది.

"అయ్యయ్యో!" ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "అంత బాగా ఎదిగింది కదమ్మా! ఏమైంది దీనికి?"

"ఏమవుద్దండీ! ఆ రోజే చెప్పాం, వింటేగా మీరు!" లూదియమ్మకి అన్నాళ్ళ ఉక్రోషమూ తన్నుకొచ్చింది. "పైకి పోయేకొద్దీ తీగ వేరుకి దూరమైపోద్దండీ. ఎత్తుంటది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటది, ఆకు మాత్రం ఉండదు. కొసకి సారం అందదుగా మరి! అదే దించామనుకోండి, మట్టి తగిలిన కణుపు కణుపుకీ కొత్త వేరు పట్టుద్ది. చూసేవాళ్ళకేమో పాపం దించేశారు, పూడ్చేశారు అనిపిస్తది. మేం కోపమొచ్చి దించుతామాండీ? పనికిరాదని దించుతామా? పనికిరాందైతే పీకి గట్టున పారేస్తాం. ఇది ఇంకా చాన్నాళ్ళు బతకాలి, ఇంకా బోలెడంత ఇవ్వాలి అనుకున్నదాన్నే..."

అక్కడ ఆవిడ మాట ఆగిపోయింది.

అయ్యగారు తల ఎత్తలేదు. చేతిలో తీగని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు. లోపల్నించి అమ్మగారు మంచినీళ్ళ చెంబు తెచ్చి, లూదియమ్మ ముఖం చూసి, చప్పుడు చెయ్యకుండా చెంబు అక్కడ పెట్టి లోపలికెళ్ళిపోయింది. లూదియమ్మ అరుగు అంచున కూర్చుంది. ఈసారి ఒట్లేమీ పెట్టుకుని రాలేదు. కళ్ళనీళ్ళు ధారగా కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. సిగ్గుగా ఉంది, బాధగా ఉంది, ఎక్కడో లోపల చెప్పలేనంత తేలిగ్గా కూడా ఉంది.

ముక్కు చీది అడిగింది: "మీకు ఇదంతా ముందే తెలుసాండీ?"

"నాకేం తెలుసమ్మా, మెట్టవాణ్ణి. జొన్నచేను సంగతి అడుగు, చెబుతాను" అన్నారాయన. అది నిజమో కాదో లూదియమ్మకి ఇప్పటికీ తెలియదు.

"నేను రేపు పక్క ఊరు వెళ్ళిపోదామనుకున్నాను. ఆ సంగతన్నా తెలుసా?"

"తెలుసు."

"వెళ్ళనులెండి. రావట్లేదని సాయంత్రం జకరయ్యతో కబురు పంపిస్తాను." చెంబెత్తి నీళ్ళు తాగింది. "రేపు నాంచారమ్మ పిన్ని కాలవలో దిగాలి. చెయ్యి పట్టుకుంటానన్నాను, నేను లేకపోతే ఆవిడ గట్టు మీదే చతికిలబడుద్ది. ఆ కెజియాని కూడా ఒకసారి పిలవాలి. పిల్ల ఎత్తడం మరీ పైన ఎత్తుతోంది. కాస్త కిందికి పట్టుకోమని అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. తెలిసే చెప్పలేదు."

లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, మెట్లు దిగింది. దిగినదల్లా ఆగింది. వెనక్కి తిరిగింది.

"అయ్యగారూ, ఒక్కమాట అడుగుతాను, ఏమనుకోవద్దు. ఇన్నాళ్ళు మీ కళ్ళెదుటే కూర్చున్నాను. ఎంత కుమిలిపోయానో దేవుడికి తెలుసు. నేను పోతానని మీకు తెలుసు, నా వెంట సగంమంది పోతారని తెలుసు. పిలిచి ఒక్కమాట మాట్లాడి ఉంటే మీ సొమ్మేం పోయిందండీ?"

అయ్యగారు అప్పుడు తల ఎత్తారు. ఆయన కళ్ళు కూడా తడిగా ఉన్నాయి.

"దించేటప్పుడు తీగతో మాట్లాడతావా అమ్మా? విరక్కుండా పట్టుకుంటావు. అంతేగా."